కొక్కేనికి వేలాడిన బ్యాడ్జీ

పశువుల ఆసుపత్రిలో ఎక్స్‌రే అక్క ఏడవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు డాక్టరుగారి గదిలో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది.

కారణం ఆమె బ్యాడ్జీ. ఎక్స్‌రే తీసేవాళ్ళు దాన్ని రోజూ ఛాతీకి పెట్టుకుంటారు. ఒంటికి రేడియేషన్ ఎంత తగిలిందో అందులో నమోదవుతుంది. మూణ్ణెల్లకోసారి ల్యాబ్‌కి పంపిస్తారు. పదకొండేళ్ళుగా వంక పెట్టడానికి లేని రిపోర్టు ఈసారి హద్దు దాటి ఎక్కడికో పోయింది. రూల్ ప్రకారం ఇక ఆమె ఎక్స్‌రే గదిలో అడుగు పెట్టకూడదు.

అదీ ఎప్పుడు? వచ్చే నెల కొత్త డిజిటల్ మిషన్ వస్తోంది. దానికి ఒక్క మనిషి చాలు. ఉంచేది అక్కనా, రెండేళ్ళ కిందట చేరిన కొత్తమ్మాయినా అన్నది ఈ వారంలోనే తేలాలి.

ఆ కొత్తమ్మాయికి పని నేర్పింది ఎవరనుకున్నారు? అక్కే! కాలు విరిగిన కుక్కని బల్ల మీద ఎలా పడుకోబెట్టాలో, సూది మింగిన పిల్లిని ఎటు తిప్పి పట్టుకోవాలో, రేడియేషన్‌ని ఆపే బరువైన సీసపు ఏప్రన్ నడుం పట్టెయ్యకుండా ఎలా కట్టుకోవాలో అన్నీ దగ్గరుండి నేర్పింది. తన డబ్బాలో అన్నం సగం తీసి పెట్టింది. సొంత చెల్లెలికైనా ఇంత చేస్తారా?

"ఏప్రన్ లేకుండా నేను ఒక్క ఫిల్మైనా తీశానా సార్?" అక్క కళ్ళు తుడుచుకుంది. "ల్యాబ్ వాళ్ళకి ఫోన్ చేసి, ఆ బ్యాడ్జీ మళ్ళీ ఓసారి చూడమనండి."

డాక్టరుగారు అప్పటికప్పుడే చేశారు. అవతలివాళ్ళు చెప్పేది విన్నకొద్దీ ఆయన మొహం రంగు మారింది.

"ఇది మనిషి ఒంటి మీద ఉండగా పడింది కాదట. బ్యాడ్జీని కదలకుండా ఒకచోట పెట్టి, సూటిగా దాని మీదే ఎక్స్‌రే కొట్టారట."

అక్క సెలవు రోజుల్లో బ్యాడ్జీ ఆ గదిలో కొక్కేనికే వేలాడుతుంది. ఆ రోజుల్లో గది తాళం ఎవరి దగ్గరుంటుంది? అందరూ కొత్తమ్మాయి వైపు తిరిగారు.

"ఏమ్మా, మాట్లాడవేం?" డాక్టరుగారు గద్దించారు.

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్కకేసి ఓసారి చూసి తల వంచుకుంది. ఔననలేదు, కాదనలేదు.

"ఓసి నీ దుంప తెగ! నమ్మినదాని గొంతే కోశావటే!" రిసెప్షన్‌లో కూర్చునే ఆంటీ ఆపుకోలేకపోయింది. "మాట్లాడదేం సార్ అది? పోలీసులకి పట్టివ్వండి!"

"వద్దు సార్," అంది అక్క గబుక్కున. "పెళ్ళి కావలసిన పిల్ల. దాని పాపాన దాన్ని పోనివ్వండి."

చూశారా, ఆ మనసు! అంత జరిగాక కూడా ఆ మాట అనగలగడం ఎంతమంది వల్ల అవుతుంది? ఆంటీకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"రేపట్నుంచి రాకు," అన్నారు డాక్టరుగారు. ఇంత మచ్చ పడ్డాక ఇంకే ఆసుపత్రి ఆ పిల్లని గడప తొక్కనిస్తుంది?

కొత్తమ్మాయి ఎక్స్‌రే గదికి వెళ్ళి సంచీ సర్దుకుంది. తాళం తీసుకోవడానికి అక్క ఒక్కతే వెనకాల వచ్చింది. ఆ పిల్ల తాళాన్ని ఆమె చేతిలో పెట్టి, గడప దాటబోతూ ఆగింది.

"ఓ రోజు బల్ల మీద మీ బ్యాడ్జీ పెట్టి మీరే స్విచ్చి నొక్కడం ఈ తలుపు దగ్గర్నుంచి చూశానక్కా, మీ నోటితో మీరే చెప్తారేమోనని ఇంతసేపూ ఆగాను."