టీకా తగువు

"ఆ మందులో ఏం కలుపుతారో ఎవడికి తెలుసు? నా కూతురి ఒంట్లో చేరాక మళ్లీ బయటికి లాగగలమా?" కస్టమరు గడ్డానికి నురగ రాస్తూ గర్జించాడు సెలూన్ యజమాని. బెంచీ మీదున్నవాళ్లు అవునవునన్నారు.

"జబ్బు చేరితే మాత్రం లాగగలరా?" గుమ్మంలోంచి అరిచింది భార్య.

"వద్దంటే వద్దు!"

ఆమె పాపను చంకనేసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లింది.

నర్సమ్మ పాప తొడ చూసి ఆగిపోయింది. "నిన్న సాయంత్రమే వేశాను కదమ్మా! ఇదిగో, సూది గుర్తు. వాళ్ల నాన్న తీసుకొచ్చాడు. పాప కాసేపు ఏడ్చి ఊరుకుంది గానీ, ఆయన్ని ఊరుకోబెట్టడానికి ఇద్దరం కావాల్సొచ్చింది."

నిన్న ఆయన గాలికి తిప్పుకొస్తానని పాపను తీసుకెళ్లింది ఇక్కడికా! ఆమెకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. తిన్నగా సెలూన్‌కు వచ్చి, అందరూ వినేలా, "మీ మాటే నా మాట. పాపకి టీకాలొద్దు. ఇంక ఆ ఊసే ఎత్తను" అంది.

బెంచీ మొత్తం చప్పట్లు కొట్టింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

నురగ బ్రష్షు చేత్తో పట్టుకునే ఆమె వెనక వీధిలోకి పరిగెత్తాడు. "అంత తొందరగా ఒప్పేసుకుంటే ఎలాగే?" అని గొంతు తగ్గించి బతిమాలాడు. "ఇంకాస్త గట్టిగా పోట్లాడు. మొదటిది నిన్న గుట్టుగా వేయించేశా, వచ్చే నెల రెండోది వేయించాలి. అదైనా నలుగురి ముందు నీ చేతిలో ఓడిపోయి వేయిద్దామనుకుంటున్నా!"