ఐ తర్వాత

"ఐ" అని రాసి ఆగిపోయాడు పెయింటర్ రవీందర్. బడి గోడ మీద రంగు కారుతోంది.

"తర్వాతది చెప్పుండ్రమ్మా."

"క్యత," అంది ముత్తక్క.

"కమత్యం," అంది ఆమె మరదలు భీమక్క.

మండలం నుంచి వచ్చిన వెంకటరామారావు సారు నెత్తి పట్టుకున్నాడు. గూడెంలోని ఆడవాళ్లందరిదీ ఒకటే సంఘం. సంఘానికి పేరు కుదిరితే ఒక బోరింగు వస్తుంది. లేదంటే వాగు ఇటువైపు ముత్తక్క వాళ్లకూ, అటువైపు భీమక్క వాళ్లకూ ఎప్పటిలాగే చెలమ నీళ్లు గతి.

"రెండిటికీ అర్థం ఒకటే. కలిసి ఉండటం," అన్నాడు సారు.

"ఒకటెట్లయితది సారూ?" భీమక్క లేచింది. "పాత సర్పంచు పోయిననాడు మైకుల ఏమన్నరు? రాములోరిల ఐక్యమైండన్నరు. ఐక్యతంటే సచ్చినోళ్ల మాట. నేనింకా బతికే ఉన్న."

"ఐకమత్యమైతే మంచిదా?" ముత్తక్క కొంగు దోపింది. "మద్యం దుకాణం మూయించింది మనమే. మళ్ల మనమే గోడ మీద మద్యమని రాపియ్యాలె?"

"మద్యం కాదమ్మా, మత్యం! అందరిదీ ఒకే మతి అని."

"మా ఆయనకు గా తేడా నువ్వు జెప్పు సారూ. గోడ జూసి సీసా అడుగుతడు."

ఆడవాళ్లు గొల్లుమన్నారు. అంతలోనే అటువాళ్లు భీమక్క వెనక, ఇటువాళ్లు ముత్తక్క వెనక చేరి తిట్టుకోవడం మొదలుపెట్టారు.

"ఆపండి! లేకపోతే మీ బోరింగు మణుగూరు వైపు పంపించేస్తా."

ముత్తక్క భీమక్క వైపు వేలు చూపింది.

"పంపియ్ సారూ," అంది ముత్తక్క. "దీని బిందె పక్కన నా బిందె పెట్ట."

"నీ బిందె మొహం ఎవరు జూస్తరే వదినె!"

సారు జీపు వైపు చూశాడు. ఈ నెల పైవాళ్లకు చూపించాల్సిన లెక్కలో ఆయనకింకా కొన్ని సంఘాలు తక్కువ పడుతున్నాయి.

"మీకో దణ్ణం తల్లీ. సంఘం రెండు చేస్తున్నా. అటొక బోరింగు, ఇటొక బోరింగు. రవీందర్, ఇంకో ఐ రాయవయ్యా."

జీపెక్కుతూ పెయింటర్‌తో గొణిగాడు. "కలిసి ఉండటమంటే ఏమిటో వీళ్లకు ఈ జన్మలో తెలియదు."

తగవులాడాలని వాళ్లు కిందటి వారమే ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు.