తడి కాలి కింద

ఆమె మళ్ళీ వచ్చింది.

టైల్స్ కొట్టు యజమానికి ఒళ్ళు మండింది. వారం నుంచీ ఇదే వరస.

గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంది. సంచిలోంచి సీసా తీసి, నేలమీద పరిచిన నమూనా టైల్ మీద సబ్బునీళ్ళు ఒంపుతుంది. దానిమీద వట్టికాళ్ళతో నిలబడి, మెల్లగా మడమ జరిపి చూస్తుంది.

కొనేది మాత్రం లేదు.

“ఏ గదికమ్మా?” ఇవాళైనా తేల్చుకుందామని అడిగాడు.

“బాత్రూమ్‌కి బాబూ.”

“చెప్పాను కదా. హాల్లోకి ఈ నున్నటివి, అద్దంలా మెరుస్తాయి. వంటింట్లోకి మరకపడనివి. బాత్రూమ్‌కి ఆ మూలనున్న గరుకువి. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవడానికి ఏముంది?”

“గరుకువాటిలోనూ కొన్ని జారుతున్నాయి.”

“ఇల్లు మీదేనా?”

“కాదు. తెలిసినావిడది. పెద్దావిడ. పగలంతా ఒక్కతే ఉంటుంది.”

“అయితే ఆవిడ్నే తీసుకురండి.”

“రాదు బాబూ. నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం ఆవిడకి చేతకాదు.”

ఆమె ఇంకో టైల్ మీద సబ్బునీళ్ళు ఒంపింది.

“మీ ఇంట్లో ఏవి వేయించారు?”

అతను నవ్వాడు. “మా ఇంట్లోనా? అమ్ముడుపోక మిగిలిన పెట్టెలు. హాల్లో వేసినవే బాత్రూమ్‌లోనూ. టైల్స్ అమ్మేవాడి ఇంటికి ఎప్పుడూ మిగులే కదమ్మా.”

“మార్చకూడదూ?”

అతను బదులిచ్చేలోపే, అప్పుడే లోపలికొచ్చిన భార్యాభర్తల్లో భర్త కాలు ఆ తడిలో జర్రున జారింది. పడలేదు గానీ, ఇద్దరూ మొహాలు మాడ్చుకుని వచ్చినదారినే వెళ్ళిపోయారు.

“ఇక చాలమ్మా. పొద్దుపోనివాళ్ళు వచ్చి కాలక్షేపం చేయడానికి ఇది పార్కు కాదు. మళ్ళీ రాకండి.”

ఆమె సీసాకి మూత బిగించింది. సంచిలోంచి గుడ్డ తీసి నేల శుభ్రంగా తుడిచింది. చివరి వరసలో ఒక టైల్‌ని వేలితో చూపించింది.

“ఇది బాగుంది బాబూ. సబ్బునీళ్ళలోనూ కాలు నిలుస్తోంది.”

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పీడ వదిలిందనుకున్నాడు.

కొద్దిరోజులకే అతని తల్లి బాత్రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. సాయంత్రం అతను కొట్టు మూసి వచ్చేదాకా ఆ మెరిసే నేలమీదే పడి ఉంది. పిలిస్తే పలికే దిక్కు లేదు.

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్న అతనికి ఏడుపు ఆగలేదు.

“జారుతోందని ఒక్కమాట చెప్పొచ్చు కదమ్మా.”

“నీకు పనెక్కువ కదరా. అయినా ఇన్నాళ్ళూ నాకు భయం లేకపోయింది. వెనకవీధిలో ఒకావిడ ఉండేది. నువ్వటు వెళ్ళగానే ఇటు వచ్చి, నా స్నానం అయ్యేదాకా చెయ్యి పట్టుకుని నిలబడేది. నీతో చెప్తానంటే, వద్దని నేనే మాట తీసుకున్నాను.”

“మరి ఆవేళ రాలేదా?”

“ఎలా వస్తుందిరా? ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు వెళ్ళిపోయింది.”

తల్లి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తనే అంది.

“వెళ్ళేముందు ఒకటే దిగులు పడింది పాపం. ‘నా చెయ్యి లేకపోయినా నీ కాలు నిలిచేది ఏదో ఒకటి చూసిపెట్టి వెళ్తాను’ అంటూ, రోజూ సీసాలో సబ్బునీళ్ళు పోసుకుని ఎక్కడికో బయల్దేరేది.”