పై వరస

“ఈ వారం దీనికి పిల్లలు కాకుండా ఆపరేషన్ జరగాల. లేదంటే ఎత్తుకోని పోయి పుంగనూరు దావలో ఇడిసిపెట్టొస్తా. మళ్లా నా ముందర ఏడ్సొద్దు!”

నారాయణస్వామి కుక్కపిల్లను కాలితో పక్కకు నెట్టాడు. సోఫా పక్కన అది పోసిన మడుగు ఇంకా ఆరలేదు. ఆయన టమోటా మండీకి కట్టుకుపోయే తెల్లపంచె అంచు అందులో తడిసింది.

మునిలక్ష్మి కెంపిని ఎత్తి చంకలో పెట్టుకుంది.

“ఇంకోసారి కాలెత్తితే నేనూరుకోను. నోరు లేందాని మీదా నీ పౌరుషం? డాక్టరు సెప్పింది వినలేదా? ఉచ్చలో చీము పోయేదాకా కత్తి పెట్టకూడదన్నాడు. చీము పోకుంటే ఒకసారి ఎదకొచ్చినాకనే ఆపరేషన్ అన్నాడు. అంతవరకూ ఆగాల.”

“ఎదకొచ్చినాకనా! అప్పుడు మదనపల్లిలో ఉండే ఊరకుక్కలన్నీ మన గేటు కాడే కాపురం పెడతాయి. కుప్పంలో మీ అక్క బలే తెలివైంది. రోగిష్టిదాన్ని ఏరి నీకంటగట్టింది. దొడ్డిగోడ కింద సూసినావా? ఇది పోసిన కాడంతా చీమలు బారులు కట్టుండాయి!”

“అది దొడ్లోకి అడుగే పెట్టదు. లేనిపోనివి దాని నెత్తిన రుద్దొద్దు.”

“నన్ను సూడుమ్మే. ఎండనకా వాననకా మండీలో నిలబడతా. ఈనాటికీ సూది మొగం ఎరగను. ఈ యింట్లో కుక్కకేమో వారవారం డాక్టరు! సస్తే సావనీ. పీడా పోతాది.”

అంత మాట అనేసి, చెంబెత్తి గటగటా తాగాడు. మూతి తుడుచుకుని మళ్లీ నింపుకున్నాడు. ఈలోగా ఫోన్ మోగింది. మండీ నుంచి గుమాస్తా.

“ఏందప్పా? మచ్చకాయ ఎక్కువొచ్చిందా? దానికెందుకు అంత కంగారు! మచ్చది అడుగున పొయ్యి. పై వరసకు మంచి ఎర్రకాయ ఏరి పేర్చు. కొనేటోడు పైనే సూస్తాడు గానీ క్రేటు బోర్లించి సూస్తాడా?”

ఫోన్ పెట్టేసి, బల్ల మీదున్న ఖాళీ సీసాను కాసేపు చూశాడు. కెంపి మూత్రం పట్టి తెమ్మని డాక్టరిచ్చిన సీసా అది. ఇవాళ్టి పరీక్షలో శుభ్రంగా ఉందని తేలితే ఈ వారమే ఆపరేషన్.

“ఇటియ్యి. ఈ పొద్దు నేను పడతా.”

“నువ్వా?” మునిలక్ష్మి నవ్వలేదు. “దానికేమన్నా అయిందంటే నీకు అన్నం పెట్టేదాన్ని కాదు.”

ఆయన కెంపిని ఆమె చంకలోంచి లాక్కుని దొడ్లోకి వెళ్లి తలుపు దగ్గరికేశాడు. తిరిగొచ్చేసరికి సీసా మూతి దాకా నిండి ఉంది.

“నాకైతే రోంత పట్టనిచ్చేదానికే సచ్చేంత పని. నీకు సీసా నిండా పోసిందా?”

“మొగోడి చెయ్యి పడితే అదే దారికొస్తాది. బిన్నా పద. నాకు మండీకి పొద్దుపోతాంది.”

ఆసుపత్రికి చేరేలోపే కెంపి ఆయన పంచె మీద ఇంకోసారి పోసింది. బండి దిగి ఆయన దాని వీపు మీద ఒకటేశాడు. ఆమె ఆయన చెయ్యి మీద రెండేసింది. వాకిట్లో మేకలతో కూర్చున్నవాళ్లు నోరు తెరుచుకుని చూశారు.

డాక్టర్ మురళీధర్ రంగులు మారే పట్టీని సీసాలో ముంచి బయటికి తీశాడు. కళ్లజోడు సర్దుకుని మరో పట్టీ ముంచాడు.

“చీము లేదు,” అన్నాడు మెల్లగా.

“నేను సెప్పలా!” నారాయణస్వామి బల్ల మీద గుద్దాడు. “ఇంగేం సార్, కత్తెత్తండి.”

“కత్తి సంగతి తర్వాత. అమ్మా, ఇది నీళ్లు బాగా ఎక్కువ తాగుతోందా?”

“మా ఆయన తాగేదాంట్లో సగం కూడా తాగదు సార్.”

“చిక్కిపోతోందా?”

“లేదు సార్. గుండ్రాయి మాదిరి ఉండాది. ఏమైంది సార్?”

డాక్టర్ పట్టీని వెలుతురుకు పట్టాడు. “పోయినసారి దీంట్లో చక్కెర జాడే లేదు. ఇప్పుడు పట్టీలో పట్టనంత ఉంది. అసిటోన్ కూడా ఉంది. అంటే ఒంట్లో కొవ్వే కరిగి విషంగా మారుతోంది. కిడ్నీలు కూడా దెబ్బతిన్నట్టున్నాయి. ఇంత చిన్న పిల్లకు ఎట్లా వచ్చిందో తెలీదు గానీ, ఈ పూటే ఇన్సులిన్ పడకపోతే స్పృహ తప్పుతుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు.”

మునిలక్ష్మి మొగుడి మీదికి తిరిగింది. “సల్లగుండాదా ఇప్పుడు? పొద్దున్నే సావనీ అంటివి గదా! నీ నోరు పాడుగాను, ఆ మాటే తగిలింది దానికి!”

నారాయణస్వామి నోట్లో తడి లేదు. గోడకు చేరగిలబడ్డాడు.

“రక్తం చూస్తే ఖాయంగా తెలుస్తుంది,” అంటూ డాక్టర్ చిన్న సూది తీసి కెంపి చెవి పట్టుకున్నాడు. కెంపి కుయ్యిమంది.

సూదికీ చెవికీ మధ్య ఒక లావుపాటి వేలు అడ్డం వచ్చింది.

“దాన్ని గుచ్చొద్దు సార్. నాకు గుచ్చండి,” అన్నాడు నారాయణస్వామి. “ఆ సీసాలోది నాది.”