వాల్నట్ ఫోర్క్‌లో ఒంటరి నోటు

ఆర్విల్ కారు దిగేసరికి నెబ్రాస్కా ఆకాశం పచ్చబారి ఉంది. ఆకు కదలడం లేదు. సుడిగాలికి ముందొచ్చే ఆ రంగు చూస్తే ఎవరైనా ఇంటిదారి పడతారు. ఆర్విల్‌కు మాత్రం సుడిగాలి కన్నా, ఎదురుగా ఉన్న ఈ ఇంట్లోని కాగితం అంటేనే ఎక్కువ భయం.

ఒకప్పుడు వాల్నట్ ఫోర్క్ బ్యాంకు ఊరి పేరుతోనే సొంత డబ్బు నోట్లు అచ్చు వేసేది. తర్వాత చేతులెత్తేసింది. ఆ నోట్లలో లోకం మొత్తం మీద మిగిలింది ఒక్కటేనని పాత నోట్లు సేకరించేవాళ్ళ నమ్మకం. ఉన్న పొలమంతా అమ్మి దాన్ని కొన్నాడు ఆర్విల్. శనివారం దాని వేలం. ఇంతలో, ముసలావిడ లియోనా దగ్గర రెండోది ఉందని బార్బర్ షాపులో విన్నాడు. రెండోది బయటపడితే ధర పడిపోయి తన గతి అధోగతే.

లియోనా వంటింట్లో కట్టెల పొయ్యి మండుతోంది. అలమర నిండా జామ్ సీసాలు. వాటి చీటీల మీద తోకలు తిప్పిన అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

"మా ఆయన రాత. దుకాణాలకు బోర్డులు రాసేవాడు. సీసాలు కడిగి మళ్ళీ నింపుతాను గానీ, చీటీలు పీకబుద్ధి కాదు."

ఆ రాత ఎక్కడో చూసినట్టు అనిపించింది ఆర్విల్‌కు. ఎక్కడో తట్టలేదు.

"ఇదిగో నాయనా. ఆయన బైబిల్లో దొరికింది."

అచ్చమైన నోటే. క్యాషియర్ సిరాతో పెట్టిన సంతకం వెలిసిపోయి చారలా మిగిలింది. తన నోటు మీదైతే నిన్న పెట్టినంత నల్లగా ఉంటుంది. ఆర్విల్‌కు కాస్త గర్వం కూడా కలిగింది.

"ఎంతిమ్మంటారు?"

"పళ్ళు కట్టించుకోవాలి. ఆ ఖర్చు ఇస్తే చాలు."

బేరమాడకుండా ఇచ్చాడు. పొయ్యికున్న ఇనప తలుపు తెరిచి నోటును లోపలికి విసిరాడు. అది భగ్గుమంది. ఊళ్ళో సుడిగాలి సైరన్ మొదలైంది.

"అయ్యయ్యో! మతిగాని పోయిందా నీకు?"

"ఏం చెయ్యనమ్మా, రెండుంటే నేను మునిగిపోతాను." ఫోన్‌లో ఉన్న తన నోటు ఫొటో చూపించాడు. "ఇక లోకంలో ఇదొక్కటే."

లియోనా కళ్ళజోడు సర్దుకుని చూసింది. ముఖం పాలిపోయింది. పొయ్యివైపు ఒకసారి, అతనివైపు ఒకసారి చూసింది.

"ఇది నీ దగ్గరికెలా వచ్చింది నాయనా... నువ్వు కాల్చినదాన్ని ఎదురుగా పెట్టుకుని, ఈ బల్ల మీదే కదా మా ఆయన దీన్ని గీశాడు!"