సున్నా వచ్చిన రిపోర్టు

దోమగాడు ఆ ఒక్క రోజు సెలవు పెట్టకపోతే లేత్ మేస్త్రికి ఈ తిప్పలు ఉండేవి కావు. పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయే ల్యాబు మనిషికి మేస్త్రి పెట్టిన పేరు దోమ. దోమకు మేస్త్రి మొహం తెలుసు, మోచేతి దగ్గర నరం ఎక్కడుందో కూడా తెలుసు. వాడి బదులొచ్చిన కొత్తవాడికి ఏదీ తెలియదు.

ఇప్పుడు డాక్టరమ్మ రిపోర్టు బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి మరీ అడుగుతోంది.

"మందులు ఎప్పట్నుంచి మానేశారు?"

"మానలేదండీ."

"రక్తంలో మందు జాడే లేదు. సున్నా."

మేస్త్రికి ఒళ్లు మండింది. తను కోరుకున్న సున్నా వేరే ఉంది. వైరస్ సున్నా. పై వరుసలోనే ఉంది, ఈవిడ దాని ఊసే ఎత్తదేం? ఆపరేషన్ చేసి పెట్టిన కిడ్నీని ఒళ్లు గెంటేయకుండా మందులు మింగాలిట. మింగితే ఒంట్లో కాపలా తగ్గి వైరస్ దూరుతుందిట. దూరిందో లేదో చూడ్డానికి మళ్లీ రక్తం తీస్తారు. కిందటిసారి ఆ అంకె పెరిగిందని పదిహేను రోజులు సెలైన్ గొట్టానికి కట్టి పడుకోబెట్టారు. షాపులో లేత్ తిరగలేదు. ఈసారీ తిరగకపోతే చేతిలో ఉన్న ఒక్క పెద్ద ఆర్డరూ పక్క షాపువాడు ఎగరేసుకుపోతాడు.

పక్కనే నిలబడ్డ భార్య అందుకుంది. పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ మాత్ర తానే చేతిలో పెట్టి, గుటక పడేదాకా ఎదురుగా నిలబడుతున్నానని చెప్పింది. చెబుతూ చెబుతూనే మొగుడి మీదికి తిరిగింది.

"ఎక్కడ ఉమ్మేస్తున్నారు? పెరట్లోనా?"

"ఎక్కడా ఉమ్మట్లేదే."

"అయితే మాత్ర ఆవిరైపోయిందన్నమాట."

డాక్టరమ్మ కింది వరుస మీద వేలు పెట్టింది. కిడ్నీ పాడయ్యేకొద్దీ పెరిగే అంకె. కిందటి నెల ఒకటిన్నర లోపే ఉన్నది ఇప్పుడు ఆరు దాటింది. మందు మానేస్తే ఇదే జరుగుతుందంది. ఇవాళే చేరాలి, రేపు పొట్టలోకి సూది దించి కిడ్నీ ముక్క తీయాలి, ఆ తర్వాత మూడు రోజులు గట్టి ఇంజెక్షన్లు. వాటితో ఉన్న కాస్త కాపలా కూడా పోతుంది, అయినా తప్పదంది.

నర్సు చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. పదిహేను రోజులు తప్పించుకుందామని చేసిన పని నెలకు పైగా మంచం ఎక్కించేలా ఉంది. మేస్త్రి కూర్చున్న కుర్చీ వదల్లేదు.

"ఆ రక్తం నాది కాదండీ."

డాక్టరమ్మ తీసిన కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. తర్వాత మేస్త్రి నేల చూపులు చూస్తూ మొత్తం కక్కేశాడు. కొత్తవాడు పేరడిగాడు. మాస్కు పెట్టుకున్న ఇంకో మనిషి ఆ పేరు చెప్పి చెయ్యి చాపాడు. మేస్త్రి తలుపు చాటున నిలబడ్డాడు. అంతే.

"బుద్ధి ఉందా మీకు?" అంది డాక్టరమ్మ.

"అయితే ఆ ఆరు నాది కాదుగా?"

"కాదు."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఎన్ని గొట్టాల రక్తమైనా ఇప్పుడే తీసుకోమని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. డాక్టరమ్మ ఆ చేతి వంక చూడలేదు.

"అది ఎవరి రక్తమో చెప్పండి. ఆ మనిషి ఇవాళే ఇక్కడికి రావాలి."

తిట్టడానికి నోరు తెరిచిన భార్య, తెరిచినట్టే ఆగిపోయి, ఖాళీగా ఉన్న చక్రాల కుర్చీలో కూలబడింది.

"మా అన్నదండీ," అన్నాడు మేస్త్రి. "నాకు పెట్టింది ఆయన కిడ్నీయే కదా, రక్తంలో తేడా ఏం తెలుస్తుందిలే అనుకున్నాను."