మొక్క వెనక చెమ్మ

తేనెగాడి మాట విని సంతకం పెట్టడం తన బుద్ధితక్కువని పెద్దాయన అద్దాల తలుపు దగ్గరే మొదలుపెట్టాడు. తేనెగాడంటే ఆయన బావమరిది. నోట్లో తేనె, చేతిలో కత్తెర అంటూ, అలాంటివాణ్ణి కన్నందుకు అత్తగారిని కూడా కలిపి తిట్టబోతుంటే పక్కనున్న భార్య మోచేత్తో పొడిచింది.

"పెళ్లిరోజు పూట వాడి ఊసెత్తనన్నారు."

"వాడి ఊసెక్కడెత్తాను? సంతకం ఊసెత్తాను."

మెనూ పట్టుకుని ఎదురొచ్చిన కెప్టెన్ ఆ గొంతు వినగానే కోటు గుండీలు సర్దుకున్నాడు.

హోటల్ కింది అంతస్తులోని ఆ ఇటాలియన్ రెస్టారెంట్‌లో వెయిటర్లందరికీ పెద్ద అతనే. పన్నెండేళ్లు వీళ్ల పాత హోటల్లో గిన్నెలు కడిగి, బల్లలు తుడిచి, ఆర్నెల్ల కిందట ఇది తెరిచినప్పుడే ఆ నల్లకోటు తొడుక్కున్నాడు. తొడుక్కున్న వారానికే మూల గోడకి చెమ్మ దిగింది. రంగులేశారు. టైల్స్ అతికించారు. చివరికి మనిషెత్తు మొక్కని కుండీతో సహా తెచ్చి అడ్డం పెట్టారు. వాసనకి మొక్క అడ్డమా? తిని వెళ్లినవాళ్లు ఫిర్యాదులు రాశారు. ఈ వారంలో ఒక ఇన్‌స్పెక్టరు మామూలు మనిషిలా భోజనానికి వస్తాడనీ, ఆయన ముక్కుకి వాసన తగిలితే రెస్టారెంట్ మూసేసి కెప్టెన్‌ని మళ్లీ గిన్నెల గదికి పంపుతామనీ పైఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అది చదివిన మేనేజరు జ్వరమని సెలవు పెట్టాడు. పైవాళ్లకి జ్వరమొస్తే ఒళ్లు కాలేది కిందవాళ్లకే.

కిటికీ పక్క బల్ల చూపిస్తే పెద్దాయన అక్కర్లేదన్నాడు. గుమ్మం నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి తిన్నగా మొక్క పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. ఈయనే ఆ ఇన్‌స్పెక్టరని కెప్టెన్‌కి ఇక అనుమానం లేదు. పెళ్లిరోజట. ఇన్‌స్పెక్టర్లు ఇలాంటి కథలే చెబుతారని వంటవాళ్లు ముందే హెచ్చరించారు. బావమరిది పెట్టించిన సంతకం ఈ ఉద్యోగంలో చేరిన సంతకమే అయ్యుంటుంది. ఊరూరా తిరిగి తినిపెట్టే ఉద్యోగంలో కూడా సుఖం లేదన్నమాట.

మెనూలో నోరు తిరిగే పేరు ఒక్కటీ లేదని, నీ చేత్తో ఏం పెట్టినా తింటామని పెద్దాయన అన్నాడు. ఇదొక పరీక్ష అనుకున్నాడు కెప్టెన్. సూపు తెచ్చాడు, పుట్టగొడుగుల పాస్తా తెచ్చాడు, హాల్లోనే ఉన్న ఇటుక పొయ్యిలో కాలుతున్న పిజ్జాని కళ్లెదుటే తీయించి తెచ్చాడు. పాస్తాని ఫోర్కుకి చుట్టలేక పెద్దాయన చెంచాతో తుంచుకుని తిన్నాడు. ఆవిడ మాత్రం రెండో ముద్దకే ఆరితేరిపోయింది. మొగుణ్ణి కొంగున ముడేసుకున్నదానికి ఈ దారాలో లెక్కా అని ఆయన గొణిగితే, ఆ ముడి ఎప్పుడో వదులైపోయిందని ఆవిడ నవ్వింది.

రుచి ఎలా ఉందో కనుక్కోవడానికి వంటాయన బయటికొచ్చాడు. రుచికి వంక పెట్టేదేం లేదు గానీ పొయ్యి ఆ గోడకి ఉండకూడదు నాయనా, పొద్దెక్కితే గాలి అటు తిరుగుతుంది, పొగంతా నీ మొహానికే కొడుతుంది అంది ఆవిడ. ఆర్నెల్లుగా ఎర్రబడ్డ కళ్లని వంటాయన మరోసారి తుడుచుకున్నాడు. లోపలికి వెళ్లి, మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇన్‌స్పెక్టర్లేనని చెప్పాడు.

చివర్లో హోటల్ తరఫున అంటూ కెప్టెన్ కాఫీ వాసనొచ్చే మెత్తటి కేకు పెట్టాడు. పెద్దాయన ఒక్క ముక్క కూడా మిగల్చకుండా తిని, మూతి తుడుచుకుని లేచి, రెండు చేతులతో కుండీని పక్కకి జరిపాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి భార్యని పిలిచాడు. ఆవిడా వచ్చి చెయ్యి ఆనించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

కెప్టెన్ ఇక ఆగలేకపోయాడు.

"సార్, నా పొట్ట కొట్టకండి. ఎక్కణ్ణుంచి ఊరుతోందో ఇంజనీర్లకే అంతు చిక్కలేదు. ఇందులో నా తప్పేం లేదు."

"నీ తప్పని ఎవరన్నారు?" పెద్దాయన చెప్పు మడమతో నేల తట్టాడు. "దీనికింద బావి ఉంది. పూడ్చకుండా పైన బండ పరిచి కట్టేసినట్టున్నారు. టైల్స్ లేపి, నీళ్లు తోడి, నిండా ఇసుక పోయించు. నెల తిరక్కుండా గోడ ఆరుతుంది."

కెప్టెన్‌కి ఆయన కాళ్ల మీద పడాలన్నంత సంతోషం వచ్చింది. ఈ ముక్క తమరే పైఆఫీసుకి రాస్తే తన కోటు నిలబడుతుందని బతిమాలాడు.

"నేను రాయడమేంటయ్యా? నేను తాపీ మేస్త్రీని. నాకొచ్చిన రాత సంతకం ఒక్కటే, అదీ మానేశాను. నువ్వే కనిపెట్టానని నీ పేరు మీద రాసుకో. కోటుకి కోటూ ఉంటుంది, తెలివైనవాడన్న పేరూ వస్తుంది."

కెప్టెన్ ఆర్డరు కాగితం వెనక గబగబా అంతా రాసుకున్నాడు. రాయడం అయ్యాక గానీ అసలు ప్రశ్న తట్టలేదు. పైఆఫీసు మనిషి కాకపోతే, ఇంజనీర్లకి దొరకని బావి ఈయనకెలా తెలిసిందని అడిగాడు.

పెద్దాయన భార్య వైపు చూశాడు. చెప్పండి, ఇవాళ్టికి ఏమీ అననులే అన్నట్టు ఆవిడ తలూపింది.

"ఇది మా ఇల్లు బాబూ, నూట అరవై రెండు గజాలు."